గుట్ట మీద బాలింత

పోయిన ఆదివారం పొద్దున్నే శ్రావణి కారులో చెరువుకు వెళ్లాను. శ్రావణిది జగిత్యాల. రాయదుర్గంలో ఉద్యోగం, మాదాపూర్ హాస్టల్లో బస. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, శని ఆదివారాలు రాగానే మెడలో కెమెరా వేసుకుని పిట్టల వెంట పడుతుంది. ఒక చెరువు గట్టు మీదే నాకు పరిచయమైంది. అప్పటినుంచి బాచుపల్లిలో మా ఇంటి ముందు ఆమె హారన్ కొట్టడం, నేను ఫ్లాస్కు నిండా చాయ్ పోసుకుని దిగడం అలవాటైపోయింది. ఆ రోజు తుంగ పక్కన ఒక లకుముకి పిట్ట చేపను పట్టి కొమ్మకేసి కొడుతుంటే, శ్రావణి ఊపిరి బిగబట్టి బొత్తాం మీద వేలు ఆనించింది. కెమెరా కుట్టుమిషన్‌లా టకటకలాడింది.

"ఎన్ని తీసినవే?" అని అడిగాను.

"ఏమో ఆంటీ, శానా వచ్చుంటయ్. ఇంటికి పోయి ఒకటి ఉంచుకొని మిగతావన్నీ డిలీట్ చేస్త," అంది. నేను నవ్వడం చూసి, "మీరు చిన్నప్పుడు వీకెండ్ల ఎటు పోయేటోళ్లు?" అని అడిగింది.

"నీ ఆఫీసు కాడికే," అన్నాను.

ఆమె నమ్మలేదు. దారి పొడుగునా చెబుతూనే వచ్చాను గాని, ఇల్లు వచ్చేసరికి కథ సగమే అయింది. చెప్పిన సగమూ, మిగిలిన సగమూ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా నాయిన పేరు సత్తయ్య. మాదాపూర్ ఊరి నడుమ ఒక గది కిరాయికి తీసుకుని ఫోటో స్టూడియో నడిపేవాడు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆయన ఫోటో సత్తయ్య. అప్పటి మాదాపూర్ అంటే పెంకుటిళ్లు, జొన్న చేన్లు, వాటి చుట్టూ ఏనుగుల మంద పడుకున్నట్టు బండరాళ్ల గుట్టలు. స్టూడియో ముందు గదిలో ఒక బల్ల, గోడకు నీలం పరదా, అద్దం, దువ్వెన, పౌడర్ డబ్బా. వెనక ఎర్ర బల్బు వెలిగే చీకటి గది. ఆ గదికి ఆనుకునే మా ఇల్లు. అందుకే మా ఇంట్లో పొద్దున కట్టెల పొయ్యి పొగ, మధ్యాహ్నం పచ్చిపులుసు వాసన, దీపాలు పెట్టే వేళకు ఫోటోలు కడిగే మందుల వాసన. పుల్లగా, ముక్కు లోపల గీరినట్టుండే ఆ వాసనకు చుట్టాలు మొహం చిట్లించేవారు. నాకు మాత్రం అది మా నాయిన చొక్కా వాసన. కడిగిన ఫోటోలను అమ్మ తొట్టి నీళ్లలో చీరలు జాడించినట్టే జాడించి, దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేసేది. పెళ్లికొడుకులు, పెళ్లికూతుళ్లు, కొత్తగా బడిలో చేరిన పిల్లలు, అందరూ మా లంగాల పక్కన నీళ్లు కారుతూ వేలాడేవారు.

వారమంతా నాయిన మనుషుల ఫోటోలు తీసేవాడు. ఆయన మనసంతా పిట్టల మీద ఉండేది. రీలు ఖరీదైన వస్తువు, ఊరికే ఖర్చు చేయడానికి వీల్లేదు. అందుకని పెళ్లి పని అయ్యాక రీలు చివర ఒకటో రెండో ఫోటోలు మిగిలితే వాటిని భద్రంగా దాచుకునేవాడు. అవి ఐతారానివి, మా ఇంట్లో ఆదివారాన్ని అలాగే అనేవాళ్లం. ఆ పొద్దు స్టూడియోకు తాళం వేసి, స్కూటర్ తీసేవాడు. ముందు నేను నిలబడేదాన్ని, వెనక అమ్మ. ఆమె ఒళ్లో జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం కట్టిన మూట. రాయదుర్గం దాకా మట్టి బాట. అక్కడినుంచి గుట్టల్లోకి నడక. నాయిన కళ్లద్దాల మనిషి, దూరం చూపు అంతంత మాత్రం. పిట్టను కనిపెట్టేది అమ్మ. ఆమె ముందు చెవి పెట్టేది, తర్వాతే కన్ను. "ఆగుండ్రి," అని చెయ్యి అడ్డం పెడితే నేనూ నాయినా అడుగు ఎత్తినవాళ్లం ఎత్తినట్టే ఆగిపోయేవాళ్లం. ఆమె చూపించిన కొమ్మ మీద నిజంగానే ఒక పిగిలిపిట్టో గోరింకో తల తిప్పుతూ ఉండేది. ఉన్న ఒక్క ఫోటో దానికి ఖర్చు పెట్టాలా, ఇంకా మంచి పిట్ట వస్తుందేమో చూడాలా అని వాళ్లిద్దరూ గుసగుసగా వాదించుకునేలోపు పిట్ట ఎగిరిపోయేది. నాయిన నెత్తి కొట్టుకునేవాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మా ఇంట్లో ఆమె అంత నవ్వడం ఆ గుట్టల్లో తప్ప ఇంకెక్కడా చూడలేదు నేను.

ఈ తిరుగుడు నాయినమ్మకు బొత్తిగా గిట్టేది కాదు. మా నాయిన తల్లి ఆమె. పొడుగు మనిషి, చెవులకు బరువైన గంటీలు, నోట్లో ఎప్పుడూ ఆకువక్క. తెల్లవారకముందే లేచి వాకిలి చల్లేది. ఆమెకు ప్రపంచమంతా శకునాలే. దసరానాడు పాలపిట్ట కనబడితే రెండు చేతులూ జోడించి కళ్ల నీళ్లు పెట్టుకునేది. పొద్దు గుంకినాక ఎక్కడైనా గుడ్లగూబ కూస్తే మాత్రం పొయ్యిలో గుప్పెడు ఉప్పు వేసి, అది చిటపటలాడినంత సేపూ దాన్ని తిట్టేది. మేం స్కూటర్ ఎక్కుతుంటే గడపలో నిలబడి, "ఐతారం పూట ఇంత తిని పండక, గుండ్లల్ల తిరుగుడేందిరా సత్తీ? పిట్టలు నీకు ఫోటోలకు పైసలిస్తయా?" అని సాగనంపేది.

ఒక ఐతారం, మోదుగలు పూసే రోజులు, రాయదుర్గం గుట్టల్లో అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "పాము బుస కొట్టినట్టుంది. పాము గాదు," అంది. ఎదురుగా రెండంతస్తుల ఎత్తు బండ. దాని నడుమ అరుగులాంటి చోటు, పైన మరో బండ చూరులా వాలి ఉంది. ఎంత చూసినా నాకు రాయే కనబడింది. అంతలో ఆ రాయి కళ్లు తెరిచింది. నారింజ పండు రంగులో రెండు పెద్ద కళ్లు, వాటి పైన చెవుల్లా నిక్కిన ఈకలు. బండ రంగే దాని రంగు. దాని కాళ్ల దగ్గర తెల్లటి దూది ఉండల్లాంటివి కదిలాయి. బుస కొడుతున్నది ఆ పిల్లలే. నాయిన చేతులు వణికాయి. ఉన్న ఒక్క ఫోటో ఆ వణుకులోనే అయిపోయింది. కడిగి చూస్తే పొగమంచు తప్ప ఏమీ లేదు.

నేను ఊరుకోలేక ఇంటికి రాగానే, "నాయినమ్మా, గుడ్లగూబ పిల్లలను చూసినం!" అని అరిచాను. ఇంకేముంది! ముగ్గురినీ గడప దాటనివ్వలేదు. వాకిట్లో నిలబెట్టి చన్నీళ్లు కుమ్మరించింది. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో పడేసింది. "ఇంట్ల దాని పేరు తీసినోళ్లకు బువ్వ లేదు," అని తీర్మానించింది. నాయిన తడి చొక్కాలో నిలబడి, కళ్లద్దాలు తుడుచుకుంటూ, "కండ్లు ఎంత మంచిగున్నయో..." అని గొణిగాడు. మరో చెంబు పడింది.

ఆ వారమంతా మేం ముగ్గురం దాని పేరు ఎత్తకుండానే దాని గురించి మాట్లాడుకున్నాం. మళ్లీ ఐతారం వచ్చింది. వెళ్లేసరికి బండ మొదట్లో వరుసగా బెజ్జాలు తొలిచి ఉన్నాయి. ఒక కర్రకు ఎర్రగుడ్డ కట్టి పాతారు. కింద రెండు మూడు కొత్త గుడిసెలు. రాళ్లు కొట్టేవాళ్లు పాలమూరు దిక్కు నుంచి వచ్చి దిగారు. వాళ్ల మేస్త్రి ఎల్లయ్య బీడీ ముట్టించుకుంటూ మా దగ్గరికి వచ్చి, "ఈడ తిరగకుండ్రి సారు. బుధవారం మందు వెట్టి పేలుస్తున్నం," అన్నాడు.

నాయిన పైన అరుగు చూపించాడు. "ఒక్క నెల ఆగుతవా మేస్త్రీ? పిల్లలకు రెక్కలు రాలే ఇంక."

ఎల్లయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. చెడ్డవాడేమీ కాదు. బీడీ పారేసి మెల్లగా చెప్పాడు. "గుడ్లగూబ కోసమా సారు? నేను ఆగితే కాంట్రాక్టరు ఆగడు. ఇంతమందిని తోలుకొచ్చిన, ఏం వెట్టాలె వీళ్లకు? అయినా దాని మొకం చూస్తెనే మావోళ్లు పరేషాన్ అయితున్నరు. పోతేనే మంచిదంటున్నరు."

మేం వెనక్కి తిరిగాం. కొంత దూరం వచ్చాక అమ్మ ఆగింది. "బుధవారం దాక ఉంటయి గదా. సక్కగ ఒక ఫోటో అన్న తియ్యి. కొత్త రీలు పెట్టు," అంది. కొత్త రీలు అంటే బడి పిల్లల ఫోటోల కోసం కొని సంచిలో పెట్టుకున్నది. నాయిన ఆమె మొహంలోకి చూసి, సంచి విప్పాడు. ఎదురు బండ మీదికి పాకి, బోర్లా పడుకున్నాడు. ఎండ ముదిరింది. బండ కాలింది. అమ్మ తన కొంగు తడిపి ఆయన వీపు మీద కప్పింది. ఎండ అరుగు మీదికి జరిగే వేళకు తల్లి గుడ్లగూబ లేచి నిలబడి, పిల్లలకు అడ్డంగా ఒక రెక్కను విసనకర్రలా విప్పి అలాగే ఉండిపోయింది. కెమెరా బొత్తాం చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఒకటి. చాలాసేపు తర్వాత ఇంకొకటి.

ఆ సాయంత్రమే నాయిన పెద్ద కాగితం మీద ఫోటో వేశాడు. ఎర్ర బల్బు వెలుగులో మేం ముగ్గురం మందు తట్ట చుట్టూ వంగి ఉన్నాం. తెల్ల కాగితం మీద ముందు కళ్లు వచ్చాయి, తర్వాత రెక్క. అప్పుడే పరదా తొలగించుకుని నాయినమ్మ లోపలికి వచ్చింది. "బువ్వ సల్లారవట్టె, ఏం జేస్తున్నరు ముగ్గురు?" అంటూ తట్టలోకి తొంగి చూసింది. ఆమె చూపు మందగించింది. "కోడా? పిల్లలు ముద్దుగున్నయి," అంది.

నేనూ నాయినా అమ్మ వైపు చూశాం. చివరికి అమ్మే, "కోడి గాదత్తమ్మా. అదే... మీరు పేరు తియ్యొద్దన్నది," అంది.

తిట్లు మొదలవుతాయని నేను నాయిన వెనక్కి జరిగాను. నాయినమ్మ తట్ట మీదికి ఇంకా వంగింది. మందులో తేలుతున్న ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "ఆ రెక్క గట్ల ఎందుకు వట్టింది?" అని అడిగింది. పిల్లలకు ఎండ తగలకుండా అని నాయిన చెప్పాడు. "ఎంతసేపు వట్టింది?" పొద్దు మళ్లిందాకా అని చెప్పాడు. బుధవారం సంగతి కూడా చెప్పాడు.

నాయినమ్మ నోట్లోని ఆకువక్క ఒక బుగ్గ నుంచి మరో బుగ్గకు మార్చుకుంది. "బాలింతను ఇల్లు ఖాళీ జెయ్యమంటరా ఎవలన్న?" అంది. మాలో ఎవరినీ అడిగినట్టు లేదు. కాసేపటికి, "పొద్దుగాల నన్ను గాడికి తీస్కపో సత్తీ," అంది.

నాయినమ్మ అంతవరకూ స్కూటర్ ఎక్కి ఎరగదు. మర్నాడు బడి మాన్పించి నన్నూ ముందు నిలబెట్టుకున్నారు. దారి పొడుగునా ఆమె నాయిన చొక్కాను పిడికిళ్లతో పట్టుకుని దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచింది. గుట్ట దగ్గర దిగి చీర సర్దుకుని, ఆ బండ వైపు కన్నెత్తి కూడా చూడకుండా తిన్నగా గుడిసెల దగ్గరికి నడిచింది. ఒక గుడిసె ముందు చీరతో కట్టిన ఉయ్యాల ఊగుతోంది.

"ఎవలదయ్యా ఈ ఉయ్యాల?" అని అడిగింది.

"నా బిడ్డదవ్వా. నీళ్లాడి నెల గాలేదు," అన్నాడు ఎల్లయ్య.

"సల్లగుండాలె. మరి ఇప్పుడు ఎవలన్న వచ్చి, లే, గుడిసె పీకెయ్యాలె అంటే?"

"ఊకుంటనా అవ్వా? కాళ్లు ఇరగ్గొడ్త."

"ఆ గుండు మీదున్న తల్లి ఎవ్వల కాళ్లు ఇరగ్గొట్టలేదు. అందుకని నేనొచ్చిన," అంది నాయినమ్మ.

ఎల్లయ్యకు ఒక క్షణం అర్థం కాలేదు. అయ్యాక నవ్వాడు. "అది గుడ్లగూబ అవ్వా!"

"నాకు తెల్వదా? పుట్టినకాడికెళ్లి దాన్ని తిట్టుకుంటనే ఉన్న. నువ్వు దీన్ని చూడు జర," అని నాయిన చేతిలోని ఫోటో లాక్కుని ఇచ్చింది. ఆ మాటలకు గుడిసెలోంచి ఎల్లయ్య కూతురు వచ్చింది. తలకు గుడ్డ కట్టుకుని ఉంది, నా కంటే ఏడెనిమిదేళ్లే పెద్దదేమో. తండ్రి భుజం మీదుగా ఫోటో చూసి, "అయ్యో, పిల్లలు! మూడున్నయి నాయినా. మూడు!" అని పకపకా నవ్వింది. ఉయ్యాలలో పసివాడు లేచి ఏడ్చాడు. ఆమె వాణ్ని ఎత్తుకుని వచ్చి మళ్లీ చూసింది. ఎల్లయ్య ఫోటో వంక చూడడం మాని కూతురి వంక చూశాడు.

కొంచెంసేపు గడ్డం గోక్కుని, "కాంట్రాక్టరుకు కావాల్సింది రాయి. ఏ పక్క రాయని అడగడు. ఆవలి దిక్కుకెళ్లి మొదలువెడ్త," అన్నాడు. తర్వాత తన మనుషుల వైపు చూసి తల పట్టుకున్నాడు. "మళ్ల బెజ్జాలు కొట్టాలంటే వీళ్లు నన్ను కొడ్తరు!"

వాళ్లు నిజంగానే గునిశారు. రెండు రోజుల కష్టం వృథా అయింది మరి. అప్పుడు నాయిన ముందుకు వచ్చి, "మీ అందరికీ ఫోటోలు తీసిస్త. ఇంటింటికి ఒకటి. పైసలొద్దు," అన్నాడు. ఒక్కసారిగా గొణుగుడు ఆగింది. వాళ్లలో చాలామంది అప్పటిదాకా ఫోటో దిగలేదు.

ఆ ఐతారాన్ని మించిన పండుగ నా చిన్నతనంలో ఇంకొకటి లేదు. స్టూడియోలోని అద్దం, దువ్వెన, పౌడర్ డబ్బా గుట్ట దగ్గరికి వచ్చాయి. నీలం పరదా వద్దన్నాడు నాయిన, వెనకున్న బండలే బాగున్నాయన్నాడు. ఆడవాళ్లు ట్రంకు పెట్టెల అడుగు నుంచి పెళ్లినాటి చీరలు తీశారు. నాయినమ్మ ఒక రాతి మీద కూర్చుని పిల్లలందరికీ నూనె పెట్టి తలలు దువ్వింది, కదిలినవాళ్ల నెత్తిన మొట్టింది. ఎల్లయ్య కొత్త పంచె కట్టుకుని కెమెరా ముందు ఎంత బిగుసుకుపోయాడంటే, "ఊపిరి తీసుకో మేస్త్రీ!" అని అమ్మ అరవాల్సి వచ్చింది. మనవణ్ని చేతికిచ్చాక ఆయన మొహం విచ్చుకుంది. సరిగ్గా అప్పుడు నొక్కాడు నాయిన. మధ్యాహ్నం అందరి రొట్టెలూ ఒకచోట పెట్టుకుని తిన్నాం. పైన అరుగు మీద గుడ్లగూబ ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి మా గోలంతా చూస్తూనే ఉంది. దాన్ని చూసి భయపడేవాళ్లు ఎవరూ మిగల్లేదు. "మన బాలింత" అనడం మొదలుపెట్టారు.

తర్వాత ఐతారాలన్నీ అక్కడే. పిల్లలు దూది వదిలి ఈకలు తొడిగాయి. అరుగు మీద అటూ ఇటూ నడిచి, రెక్కలు విదిలించి చూసుకునేవి. ఒకరోజు పొద్దు గుంకే వేళ పెద్దది ఎదురు బండ మీదికి ఎగిరింది. దాని వెనకే రెండోది. మూడోది మాత్రం అంచు దాకా వచ్చి, కిందికి చూసి, వెనక్కి వెళ్లిపోయింది. రాళ్లు కొట్టేవాళ్లూ మేమూ కింద నిలబడి నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం. తల్లి దూరం నుంచి ఒక్కసారి బొంగురుగా పిలిచింది. ఆ పిల్ల కళ్లు మూసుకుందో ఏమో, బండ మీంచి రాయి దొర్లినట్టు పడింది. నేల ఇంకా చాలా కింద ఉండగానే దానికి రెక్కలు ఉన్న సంగతి గుర్తొచ్చింది. మా తలల మీదుగా చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. ఎల్లయ్య చప్పట్లు కొట్టాడు. ఆయన కూతురు ఏడ్చింది. నాయినమ్మ రెండు చేతులూ జోడించింది.

ఆ బండ మిగల్లేదు. పిల్లలు ఎగిరాక దాని వంతు వచ్చింది, మా ఊళ్ల మధ్య బాటలకు కంకర అయింది. మొన్నామధ్య శ్రావణి తన ఆఫీసు చూపిస్తానని తీసుకెళ్లింది. అద్దాల కిటికీ పక్కన నిలబడి, మెట్రో చివరి స్టేషన్ ఆనవాలుగా పెట్టుకుని, ఆ బండ ఎక్కడ ఉండేదో లెక్క కట్టాలని చూశాను. తేలలేదు. అయినా ఈ కాలం మీద నాకు కోపం లేదు. శ్రావణి తీసిన ఫోటోలో లకుముకి ముక్కు నుంచి జారే నీటిబొట్టు కూడా కనబడుతుంది. అది చూస్తే మా నాయిన ఎగిరి గంతేసేవాడు, ఆ కెమెరా ఒక్కపూట అప్పు అడిగేవాడు. మాకున్నదీ వీళ్లకు లేనిదీ ఏదన్నా ఉంటే అది వారం రోజుల నిరీక్షణ. మళ్లీ ఐతారం ఏ పిట్ట కనబడుతుందో తెలియక, దాని గురించి అన్నం తింటూ, అంట్లు తోముతూ, నిద్రపోయే ముందూ మాట్లాడుకోవడం. వీళ్లకున్నదీ మాకు లేనిదీ ఇంకోటి ఉంది. శ్రావణిని ఎవరూ గడపలో నిలబెట్టి తిట్టరు. ఎటు పోవాలనిపిస్తే అటు పోతుంది. మా అమ్మ ఆ వయసులో ఒక్కతే గుట్టల్లోకి వెళ్లగలిగి ఉంటే ఎన్ని పిట్టలను కనిపెట్టేదో అనుకుంటాను.

పిల్లలు ఎగిరిపోయిన తర్వాత వచ్చిన ఐతారం నాడు మేం నీరసంగా లేచాం. ఇక ఎందుకు, ఎక్కడికి అన్నట్టు నాయిన చాయ్ తాగుతూ కూర్చున్నాడు. వాకిట్లోకి వెళ్లి చూస్తే నాయినమ్మ ఉతికిన చీర కట్టుకుని, రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని, స్కూటర్ మీద వెనక సీట్లో అప్పటికే కూర్చుని ఉంది. "పొద్దెక్కుతుంది, ఇంకెప్పుడు బయలెల్లుడు?" అని కసిరింది. అందరం ఒకేసారి పట్టం కదా. నాయిన ముందు ఆమెను దింపి, మళ్లీ వచ్చి అమ్మనూ నన్నూ ఎక్కించుకున్నాడు. మేం కబుర్లు చెప్పుకుంటూ గుట్టల్లోకి నడిచి వెళ్లేసరికి, నాయినమ్మ ఒక బండ చాటున వంగి, చెవికి చెయ్యి ఆనించుకుని ఉంది. మా అడుగుల చప్పుడుకు వెనక్కి తిరిగి, కళ్లెర్రజేసి, మూతి మీద వేలు పెట్టింది.

"ష్... సప్పుడు జెయ్యకుండ్రి. పిట్ట ఉన్నది."